నిండుకున్న డబ్బా

శనివారం సాయంత్రం కూరగాయలవాళ్ళు తట్టలు సర్దుకునే వేళకి పెద్దకోడలు బజారులో అడుగుపెట్టేది. ముందుగా వెళ్ళి ఏరుకోవడం ఆమె దృష్టిలో డబ్బున్నవాళ్ళ సరదా. మెత్తబడిన టమాటాలు, విరిగిన క్యారట్లు, పైరేకులు వాడిన క్యాబేజీలు మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళడం అమ్మేవాళ్ళకి బద్ధకం. ఆ బద్ధకం మీదే ఆమె తొమ్మిది కడుపులు నడిపేది. ఉల్లిపాయలవాడైతే ఆమె నోటికి జడిసి, ఆమె సందు మలుపు తిరగ్గానే ధర తనంతట తానే తగ్గించి చెప్పేవాడు.

తొమ్మిది అనేది ఆమె లెక్క. ఇంట్లో ఉన్నది పదిమంది. టైర్ల షాపులో పంక్చర్లు వేసి వారం వారం కూలి తెచ్చే భర్త, ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలకంటే జోకులే ఎక్కువ కుట్టే మరిది, అత్తగారు, మొగుడితో పడక పుట్టింటికి వచ్చేసిన ఆడపడుచు, ఆమె కవల మగపిల్లలు, ఇక తన పిల్లలు ముగ్గురు: పెద్దది, నడిపివాడు, బుడ్డది. పదో మనిషి తనే. కానీ తనను కూడా లెక్కలో వేసుకోవాలన్న సంగతి ఆమెకు ఏనాడూ గుర్తుండేది కాదు.

ఆమె దగ్గర ఉపాయాలకు కొదవ లేదు. అన్నం వడ్డించే గరిటె చిన్నది. పళ్ళేలు ఇంకా చిన్నవి. పెద్ద పళ్ళెంలో అన్నం బిక్కుబిక్కుమంటూ కనిపిస్తుందని, చిన్నదాంట్లో అదే అన్నం దర్జాగా ఉంటుందని ఆమె సిద్ధాంతం. కూర్చోబెట్టగానే అందరిచేతా ఓ గ్లాసు వేడి గంజి తాగించేది. ఆ పైన మెతుకులు తక్కువైనా కడుపుకి తెలిసేది కాదు. తనకు మాత్రం బేకరీవాడు కోసి పారేసే రొట్టె అంచులు చాలు. అవంటే తనకు ప్రాణమని అందరికీ చెప్పింది. ఏళ్ళ తరబడి చెప్పేసరికి అందరూ నమ్మారు. మరిది ఆమెకు కొలతల వదిన అని పేరు పెట్టాడు.

ఇన్ని చేసినా శుక్రవారానికి బియ్యం అడుగంటేవి. అప్పుడు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అయిపోయాయి అనకూడదు. లేవు అన్న మాట అసలే రాకూడదు. నిండుకున్నాయి అనాలి. ఇది అందరి ఇళ్ళలోనూ అనేదే, వింతేమీ లేదు. కాకపోతే అత్తగారు దానికి ఇంకో ముడి వేసింది. డబ్బా అడుగున ఓ గుప్పెడు గింజలు ఉండగానే ఆ మాట అనాలట. ఉత్త డబ్బా ముందు నిలబడి అనకూడదట. ఎందుకని అడిగితే, ఎందుకో తెలిస్తేగానీ పని చెయ్యవా అని మూతి తిప్పేసేది. ఏమైనా ఆ ఇంట్లో ఏది లేకపోయినా ఆ సంగతి గుమ్మం దాటేది కాదు. అత్తాకోడళ్ళకు తక్కిన అన్నిట్లోనూ పడకపోయినా ఆ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

ఒక వారం టైర్ల షాపు యజమాని ఊరెళ్ళాడు. సగం కూలి వచ్చింది. శుక్రవారం దాకా ఎందుకు, బుధవారానికే డబ్బా అడుగు కనిపించింది. గురువారం పొద్దున బుడ్డదానికి ఒళ్ళు వేడిగా ఉంది. ఏదీ ముట్టనన్న పిల్ల కాస్త గంజి అడిగింది. పెద్దకోడలు మరో ఆలోచన పెట్టుకోలేదు. నడుమెత్తు రేకు డబ్బాను బోర్లించి, అడుగున చరిచి, మూలల్లో ఇరుక్కున్న గింజల్ని కూడా పుల్లతో రాల్చింది. గంజి కాచింది. పిల్ల తాగింది. డబ్బాను మళ్ళీ నిలబెడుతుంటే భర్త చొక్కా తొడుక్కుంటూ వచ్చి, ఇవాళ మధ్యాహ్నానికి ఏం వండుతున్నావని అడిగాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. డబ్బా మీద మూత దభీమని వేసి, మొగుడి మొహం కూడా చూడకుండా ఆ డబ్బాతోనే అంది.

"నిండుకున్నాయి."

ముందుగదిలో బఠానీలు ఒలుస్తున్న అత్తగారి చేతులు ఆగిపోయాయి. అడుగున ఉంచావా అని అక్కణ్ణుంచే అడిగింది. ఉంచానని పెద్దకోడలు చెప్పింది. అత్తగారికి అబద్ధం చెప్పడం ఆమెకు కొత్త కాదు.

మర్నాడు పొద్దున డబ్బా కడిగి ఎండబెడదామని మూత తీసింది. అంచుదాకా బియ్యం.

మొగుడు తెచ్చాడనుకుంది. అతను, నువ్వే ఎక్కడో దాచావనుకున్నానన్నాడు. మరిదిని అడిగితే, నేనే కుట్టాను వదినా, గింజకో కుట్టు అన్నాడు. ఎవరూ తేలేదు. కానీ వచ్చిన బియ్యాన్ని ఎక్కణ్ణుంచి వచ్చావని నిలదీసే స్థితిలో ఆ ఇల్లు లేదు. పెద్దకోడలు చేటలో పోసుకుని ఏరబోయింది. రాయి లేదు. పురుగు లేదు. ఒక్క నూక లేదు, గింజలన్నీ ఒకే పొడుగు. చేయి పెడితే చల్లగా తగిలాయి. కడిగితే నీళ్ళు తెల్లబడలేదు. రెండోసారి కడిగినా కుళాయిలోంచి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే ఉన్నాయి. ఎసట్లో పోస్తే పొంగు రాలేదు, కుతకుత లేదు. చప్పుడు చెయ్యకుండా ఉడికాయి.

అన్నం మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. ఆ రోజు చిన్న గరిటె పక్కన పెట్టి చేత్తో వడ్డించింది. ఇంకాస్త, ఇంకాస్త అంటూ కొసరి కొసరి పెట్టడమంటే ఆమెకు ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ అందుకు అవకాశమే రాలేదు పాపం. అందరూ తిన్నారు. తిన్నారంటే నాలుగు ముద్దలు తిని, కడుపు నిండిపోయిందని లేచారు. ఎప్పుడూ గిన్నె అడుగు మాడు కోసం జుట్లు పట్టుకునే కవలలు కూడా గిన్నెవైపు చూడలేదు. అత్తగారు మాత్రం పళ్ళు సలుపుతున్నాయని, తనకు పాలలో నానబెట్టిన రొట్టె కావాలని మారాం చేసింది. పెద్దకోడలు అలవాటు కొద్దీ తన రొట్టె అంచుల్లోంచే కాసిని ఇచ్చి, మిగతావి తాను తింది.

అక్కణ్ణుంచి డబ్బా తగ్గలేదు. ఎంత తీసినా మూత తీసేసరికి అంచుదాకా ఉండేది. బియ్యానికి పోయే డబ్బు మిగిలింది. జన్మలో మొదటిసారి పెద్దకోడలు పట్టపగలు బజారుకెళ్ళి, మచ్చలేని టమాటాలు ఏరుకుంది. ఉల్లిపాయలవాడు చెప్పిన ధరకే కొనేసరికి వాడు కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఆమె నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు.

మొదట తగ్గింది అన్నం. నాలుగు ముద్దలు రెండయ్యాయి, రెండు ఒకటైంది. తర్వాత తగ్గింది గోల. బడినుంచి రాగానే సంచులు గిరాటేసి వంటింటి మీద పడే పిల్లలు, వచ్చి గోడవార వరసగా కూర్చునేవారు. ఏం కావాలర్రా అంటే ఏమీ వద్దమ్మా అనేవారు. ఏడాదిగా ఆడపడుచుకీ తనకీ మధ్య రగులుతున్న నెయ్యి గొడవ దానంతట అదే చల్లారింది. భర్త షాపు నుంచి వచ్చి, తిండి సంగతి ఎత్తకుండా, ఆమెను చూసి మెత్తగా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు వెన్నులోంచి చలి పుట్టేది. పెళ్ళయిన నాటినుంచి ఆ మనిషి ఖాళీ కడుపుతో ఎప్పుడూ నవ్వలేదు.

కంచాల్లో మిగిలిన అన్నం పెరట్లో పారేస్తే కాకులు దిగి, ఓసారి చూసి, లేచిపోయేవి. చీమలు దాని చుట్టూ తిరిగి వెళ్ళేవి. ఆమె ఆ అన్నం నోట్లో పెట్టుకుందామని చాలాసార్లు అనుకుంది. వేడిగా పొగలు వస్తున్న ముద్ద వేళ్ళకు చల్లగా తగిలేది. ఎందుకో మనసు ఒప్పక మళ్ళీ రొట్టె అంచులకే పోయేది.

ఒకరోజు మధ్యాహ్నం మరిది ఆమెను ముందుగదిలోకి పిలిచాడు. మిషను పక్కన ఇంట్లోవాళ్ళ బట్టలన్నీ కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ నడుముల దగ్గర విప్పి, లోపలికి మడిచి కుట్టినవే. రెండోసారి విప్పి కుట్టినవి కూడా ఉన్నాయి. టేపు మెడలో వేసుకుని, జోకు చెప్పే మొహంతోనే, వదినా ఇంట్లో అందరం లోపలికి పోతున్నాం అన్నాడు. అతని గొంతులో భయం లేదు, బెంగ లేదు. చెప్పేసి మళ్ళీ మిషను తొక్కసాగాడు. పెడలు మీద అతని పాదం ఎముకలు ఎముకలుగా కనిపించింది.

పెద్దకోడలు బుడ్డదాని కోసం వంటింట్లోకి పరిగెత్తింది. పిల్ల డబ్బాను రెండు చేతులా కావలించుకుని, చెవి ఆనించి నిలబడి ఉంది. ఏం చేస్తున్నావే అంటే, ఆటబొమ్మ గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అమ్మా, నా పొట్ట ఇందులో ఉంది."

పెద్దకోడలు వంగి చెవి పెట్టింది. లోపల గుడగుడమంటోంది. ఆ ఇంట్లో ఏ కడుపు ఎలా కూస్తుందో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అన్నేళ్ళూ ఆ చప్పుళ్ళ మధ్యనే వంట చేసింది. లాగి లాగి మూలిగేది మొగుడిది. ఆగి ఆగి వచ్చేది మరిదిది. రెండూ ఒక్కసారే మొదలై ఒక్కసారే ఆగేవి కవలలవి. వీటన్నిటి కింద, సన్నగా, పిల్లికూనలా కూసేది బుడ్డదానిది. అందరి ఆకలీ ఆ రేకు డబ్బాలో ఉంది. బయట మనుషులు మాత్రం చిరునవ్వులతో గోడవార కూర్చుని ఉన్నారు.

పిల్లను ఎత్తుకుంది. ఉతికి ఆరేసిన గౌను ఎత్తినట్టుంది.

డబ్బాను పెరట్లోకి ఈడ్చుకెళ్ళి బోర్లించింది. బియ్యం కుప్పగా పడ్డాయి. డబ్బాను నిలబెట్టేసరికి అంచుదాకా ఉన్నాయి. బజారుకు పరిగెత్తి వేడి వేడి రొట్టెలు తెచ్చి, అందరి నోళ్ళలో కుక్కింది. పెద్దలూ పిల్లలూ ఆమె మనసు నొప్పించడం ఇష్టం లేనట్టు నమిలారు, మింగలేక బుగ్గన పెట్టుకున్నారు. బుడ్డది రొట్టె ముక్కను తీసి మర్యాదగా ఆమె చేతిలోనే పెట్టింది. నిండిపోయిందమ్మా అంది.

పెద్దకోడలు అత్తగారి ముందుకెళ్ళి కూలబడింది. ముసలావిడ రొట్టె నానబెట్టిన పాలగ్లాసు పక్కన పెట్టింది. పళ్ళు సలపడం ఉత్తమాటేనని ఇద్దరికీ తెలుసు.

"నీ మొగుడికి ముందు నాకో పిల్ల ఉండేదే," అంది అత్తగారు. "ఆకలని ఏడ్చి పోలేదది. కడుపు నిండిందమ్మా అంటూ, నా మొహంలోకి చూసి నవ్వుతూ పోయింది. నేనూ నీలాగే అడుగు ఊడ్చేసి ఆ మాట అన్నాను."

మొదటి రోజే ఎందుకు చెప్పలేదని పెద్దకోడలు అడిగింది. అత్తగారు తన చేతుల్నే చూసుకుంది. ఇల్లు ప్రశాంతంగా ఉంది కదే అంది. పిల్లలు అన్నం అన్నం అని ఏడుస్తుంటే వినీ వినీ ప్రాణం విసిగిపోయిందని, నాలుగు రోజులు ఆ ఏడుపు లేకుండా ఉంటే చాలనుకున్నానని, రేపు చెబుదాం రేపు చెబుదాం అనుకుంటూనే రోజులు గడిపేశానని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. పెద్దకోడలికి ఆమెను కొట్టాలనిపించింది. అదే క్షణంలో, ఆ ప్రశాంతత తనకూ హాయిగానే అనిపించిందని గుర్తొచ్చి, తన మీద తనకే అసహ్యం వేసింది.

దీనికి విరుగుడు ఏమిటని అడిగింది.

"లేవని చెప్పాలి. లోపల గొణిగితే చాలదు. గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా చెప్పాలి. మా అత్త నాకు చెప్పింది. పరువు పోతుందని నేను చెప్పలేదు." ముసలావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పిల్ల పోయాక చెప్పాను. అప్పుడాగింది."

అది వీధి కుళాయికి నీళ్ళొచ్చే వేళ. వీధిలోని ఆడవాళ్ళంతా బిందెలతో, బకెట్లతో గుమ్మానికి ఎదురుగానే ఉన్నారు. వరసలో ముందు ఇస్త్రీ ఆవిడ ఉంది. కుళాయి దగ్గర ఎవరు ముందన్న తగాదాతో పెద్దకోడలికీ ఆమెకూ మాటల్లేక ఏళ్ళయింది. పెద్దకోడలు బుడ్డదాన్ని చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. వెనకనుంచి భర్త, ఎందుకే నలుగుర్లో, మనకేం తక్కువైందని, ఎంతో నెమ్మదిగా అన్నాడు. అతనికి నిజంగానే ఏదీ తక్కువైనట్టు లేదు.

ఒక్క మాటే కదా, అనేస్తే సరి అని మనకు అనిపిస్తుంది. ఏళ్ళకేళ్ళు లేమిని కొంగు చాటున దాచుకున్న మనిషికి ఆ మాట గొంతులో ముల్లు. నలుగురూ తనవైపు చూస్తున్నారు. నోరు తెరిచింది.

"మా ఇంట్లో బియ్యం ని..."

అలవాటుపడ్డ నాలుక. చంకలో పిల్ల ఇంకా తేలికైనట్టు అనిపించింది. ఆమె నాలుకను పళ్ళమధ్య నొక్కిపట్టింది. ఉప్పగా నెత్తురు తగిలింది. ఈసారి వీధి చివర దుకాణం దాకా వినిపించేలా అరిచింది.

"లేవు. మా ఇంట్లో బియ్యం లేవు. పిల్లలకి పెట్టడానికి మా దగ్గర ఏమీ లేదు."

కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ కదల్లేదు. ఆమె చెవులు వేడెక్కాయి. నేల చీలితే బాగుండుననుకుంది. ఇస్త్రీ ఆవిడ ఆమెను కిందినుంచి మీదికి చూసి, బిందె పక్కకు లాగి, గిన్నె తెచ్చుకో అంది. నూకలే ఉన్నాయి, రాళ్ళు కూడా ఉన్నాయి, ఏరుకో అని విసుగ్గా చెప్పి తన ఇంట్లోకి వెళ్ళింది.

అప్పుడు లోపల వంటింట్లో డబ్బా మూత ఎగిరి కిందపడ్డ చప్పుడైంది. వెంటనే నడిపివాడు కేకపెట్టాడు. కవలలు ఇద్దరూ ఒక్కసారే గుక్కపట్టారు. భర్త పొట్ట పట్టుకుని గుమ్మం పక్కనే కుదేలై, నోట్లో బుగ్గన దాచిన రొట్టెను నమలకుండానే మింగాడు. పెద్దదీ ఆడపడుచూ నేలమీద పడ్డ రొట్టె ముక్క కోసం కొట్టుకున్నారు. మరిది నోట జోకు లేదు. మిషను మీద తల వాల్చి అన్నం, అన్నం అని మూలుగుతున్నాడు. ఇన్నాళ్ళ ఆకలి ఒక్కసారిగా ఇంటిమీద పడింది. దాన్ని తీర్చడానికి ఉన్నదల్లా రాబోయే ఒక గిన్నెడు నూకలు.

బుడ్డది మాత్రం ఏడవలేదు.

అదే చిరునవ్వుతో చంకలో ఉంది. పెద్దకోడలు గుమ్మంలోనే చతికిలబడి పిల్లను ఒళ్ళో పడుకోబెట్టింది. ఆలస్యం చేశానా అని అడగడానికి అత్తగారి వైపు చూసింది. అత్తగారు కళ్ళు మూసుకుని గోడకు తిరిగింది. పెద్దకోడలు పిల్ల పొట్టకు చెవి ఆనించింది. ఏమీ వినబడలేదు. ఆకలెయ్యడం లేదా తల్లీ, అమ్మ దగ్గర ఏమీ లేదే, ఏడవ్వే అని బతిమాలింది. కొసరి కొసరి అన్నం పెట్టిన చేత్తోనే పిల్ల పెదవులు తడిమింది. పెదవులు చల్లగా ఉన్నాయి. వేలు లోపలికి పెట్టింది.

పిల్ల వేలును ఊరికే నోట్లో ఉంచుకుంది. తర్వాత ఒకసారి చప్పరించింది. మరుక్షణం పాలపళ్ళన్నీ దిగేలా కొరికింది. పెద్దకోడలికి కళ్ళలో నీళ్ళు చిమ్మాయి. నెత్తురు పిల్ల గడ్డం మీదికి జారింది. ఇస్త్రీ ఆవిడ గిన్నెతో వచ్చి చూసి, వేలు లాక్కోవే అని కసిరింది.

పెద్దకోడలు వేలు లాక్కోలేదు.

"కొరకమ్మా," అంది. "ఇంకా గట్టిగా కొరుకు."